నాన్న పోయాక అమ్మ ఎస్‌ఎస్‌ఐ: మొదటి ఏడాదిలో ఎక్కడ తెగుతుంది, ఎందుకు తెగుతుంది

పిల్లల దగ్గరికని అమెరికా వచ్చి, సిటిజన్‌షిప్ తీసుకుని, 65 దాటాక ఎస్‌ఎస్‌ఐ (సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్) అందుకుంటున్న తెలుగు తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. ఇద్దరిలో ఒకరు పోతే ఏమవుతుందని అడిగితే, "ఆయన చెక్కు ఆగిపోతుంది, ఈవిడ చెక్కు వస్తూనే ఉంటుంది" అంటారు. లెక్క అంత తేలిగ్గా ఉండదు. ఎస్‌ఎస్‌ఐ ఆస్తినీ రాబడినీ చూసి ఇచ్చే సాయం. భర్త పోయిన మరుసటి నెల ఒకటో తారీకు నుంచి అమ్మ సోషల్ సెక్యూరిటీ వారి దృష్టిలో 'దంపతుల్లో ఒకరు' కాదు, ఒంటరి మనిషి. రేటు, ఆస్తి పరిమితి, రాబడి లెక్క అన్నీ ఆ రోజే మారతాయి. దానికి తోడు, మనిషి పోయిన ఇంట్లో మనవాళ్లు మామూలుగా చేసే పనులే కొన్ని ఎస్‌ఎస్‌ఐ నిబంధనలకు అడ్డం పడతాయి. అస్థికలు తీసుకుని ఇండియా వెళ్లడం, అమ్మను కొడుకు ఇంటికి మార్చడం, ఊళ్లో పొలం పిల్లల పేర రాసేయడం అలాంటివే.

ముందు అంకెలు. 2026లో ఫెడరల్ ఎస్‌ఎస్‌ఐ ఒంటరి మనిషికి నెలకు 994 డాలర్లు, దంపతులకు కలిపి 1,491. అంటే ఇద్దరూ ఉన్నప్పుడు తలా 745 డాలర్ల 50 సెంట్లు. ఒకరు పోతే మిగిలినవారి వాటా 994కి పెరుగుతుంది కానీ ఇంటికొచ్చే డబ్బు 497 తగ్గుతుంది. అద్దె మాత్రం అదే. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు దీని మీద కొంత కలుపుతాయి. టెక్సాస్‌లో సొంతింట్లోనో అద్దింట్లోనో ఉండేవారికి అలాంటి అదనం లేదు.

నాన్నకు ఇక్కడ పనిచేసిన క్రెడిట్లు ఉండి సోషల్ సెక్యూరిటీ (పనిచేసిన రికార్డు మీద వచ్చే పింఛను) కూడా వస్తుంటే లెక్క ఇంకోలా నడుస్తుంది. నాన్నకు 800, ఆయన రికార్డు మీద అమ్మకు భార్యగా 400 వస్తున్నాయనుకుందాం. మొత్తం 1,200. అందులో 20 డాలర్లు లెక్కలోకి రావు, మిగిలిన 1,180ని 1,491లోంచి తీసేస్తే ఎస్‌ఎస్‌ఐ 311. ఇంటికి వచ్చేది 1,511. నాన్న పోయాక అమ్మ 400 పోయి, దాని స్థానంలో వితంతు బెనిఫిట్ 800 వస్తుంది. అమ్మకు పూర్తి రిటైర్మెంట్ వయసు దాటిందనే లెక్కతో చెబుతున్నాను. 800లో 20 తీస్తే 780. దాన్ని 994లోంచి తీస్తే ఎస్‌ఎస్‌ఐ 214. మొత్తం 1,014. ఈ 1,014 గుర్తుపెట్టుకోండి. వితంతు బెనిఫిట్ అంతకు చేరితే, వేరే రాబడి ఏమీ లేకపోయినా, ఫెడరల్ ఎస్‌ఎస్‌ఐ సున్నా అవుతుంది. అప్పుడు అసలు ప్రశ్న మెడికెయిడ్, అంటే రాబడి తక్కువున్నవారికి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా. దాని సంగతి తర్వాత.

ఇండియాలో చేసిన సర్వీసు ఈ క్రెడిట్లకు పనికిరాదు, రెండు దేశాల మధ్య అలాంటి ఒప్పందం లేదు. ఇక్కడ స్టోర్లోనో గ్యాస్ స్టేషన్లోనో పదేళ్లు పనిచేసి 40 క్రెడిట్లు తెచ్చుకున్న నాన్నల విషయంలోనే పై లెక్క వర్తిస్తుంది. అమ్మ ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉంటే ఈ 40కి ఇంకో ఉపయోగం ఉంది. 1996 ఆగస్టు 22 తర్వాత వచ్చిన గ్రీన్ కార్డువారికి ఎస్‌ఎస్‌ఐ కావాలంటే మామూలుగా 40 క్వార్టర్ల (అంటే ఈ క్రెడిట్ల) పని, ఐదేళ్ల నివాసం ఉండాలి. కాపురం చేసిన కాలంలో భర్త సంపాదించిన క్వార్టర్లను భార్య తన లెక్కలో చూపుకోవచ్చు. ఆయన చనిపోయినా అవి ఆవిడవే. విడాకులైతే పోతాయి, మరణంతో పోవు. ఈ తేడా చాలామందికి తెలియదు.

మొదటి నెల తారీకులు

నాన్న అక్టోబరు 14న పోయారనుకోండి. అక్టోబరు 1న పడిన ఆయన ఎస్‌ఎస్‌ఐ న్యాయంగా ఆయనదే, తిరిగి ఇవ్వక్కర్లేదు. ఎస్‌ఎస్‌ఐ చనిపోయిన నెల వరకూ చెల్లుతుంది. నవంబరులో ఆయన పేర పడింది మాత్రం వెనక్కి పోవాలి. సోషల్ సెక్యూరిటీ దీనికి తలకిందులు. చనిపోయిన నెలకు అది అసలు ఇవ్వరు, పైగా ఒక నెల డబ్బు తర్వాతి నెలలో పడుతుంది. కాబట్టి నవంబరు 3న ఆయన ఖాతాలో పడిన డబ్బు అక్టోబరుది, దాన్నీ ముట్టుకోకూడదు. బ్యాంకు నుంచి ప్రభుత్వం నేరుగా వెనక్కి లాక్కుంటుంది. జాయింట్ ఖాతా అయితే ఆ లాగుడులో అమ్మ అద్దె చెక్కు బౌన్స్ అవుతుంది. అందుకే ఆ రెండు మొత్తాలూ ఖాతాలో కదపకుండా ఉంచండి.

ఇక్కడ చనిపోతే ఫ్యూనరల్ హోమ్ వాళ్లే సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకుని మరణాన్ని తెలియజేస్తారు. ఇండియా వెళ్లినప్పుడు అక్కడ పోతే ఎవరూ చెప్పరు, మీరే చెప్పాలి. ఎస్‌ఎస్‌ఐ ఉన్న అమ్మ తరఫున గడువు ఏమిటంటే, మార్పు జరిగిన నెల ముగిశాక 10 రోజులు. పై ఉదాహరణలో నవంబరు 10. ఆలస్యమైతే 25 డాలర్ల నుంచి 100 దాకా కోత. అదేమంత పెద్దది కాదు. అసలు నష్టం, ఎక్కువ చెల్లించామంటూ నెలల తర్వాత వచ్చే ఉత్తరం.

ఇప్పుడు ఆస్తి పరిమితి. దంపతులకు 3,000 డాలర్లు, ఒంటరికి 2,000. ఈ అంకెలు 1989 నుంచి కదల్లేదు. అప్పటి 2,000కీ ఇప్పటి 2,000కీ పోలికేమిటో మీరే చెప్పండి. సరే, ఖాతాలో 2,700 ఉన్నాయి. అక్టోబరు 31 అర్ధరాత్రి దాకా అది నిబంధనల లోపలి డబ్బు. నవంబరు 1 తెల్లారేసరికి 700 ఎక్కువ. ఎస్‌ఎస్‌ఐ ఆస్తిని ప్రతి నెలా మొదటి క్షణంలో చూస్తుంది, అందుకే నవంబరు చెక్కుకు అర్హత పోయినట్టే. మరణం నెలాఖరులో జరిగితే చేతిలో ఉండేది రెండు మూడు రోజులే. ఆ వ్యవధిలో చేయదగినవి: అంత్యక్రియల బిల్లు అమ్మ ఖాతా నుంచే కట్టడం, బాకీ ఉన్న అద్దె, కరెంటు, ఆస్పత్రి బిల్లులు తీర్చేయడం, అమ్మ పేర 1,500 డాలర్ల దాకా ప్రత్యేకంగా అంత్యక్రియల నిధి అని రాసి వేరే ఖాతాలో పెట్టడం. ఈ నిధి విడిగా ఉండాలి, మామూలు పొదుపుతో కలిస్తే మినహాయింపు పోతుంది. ఉండే ఇల్లు, ఒక కారు, ఇంటి సామాను ఆస్తి లెక్కలోకి రావు. కొడుకు పేరూ అమ్మ పేరూ కలిపి ఉన్న ఖాతా ఉంటే అందులో ఉన్నదంతా అమ్మదేనని వాళ్లు మొదట అనుకుంటారు. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరు.

చందాలు, ఇన్సూరెన్సు

మనవాళ్లలో ఎవరైనా పోతే రెండు రోజుల్లో గోఫండ్‌మీలో ఆన్‌లైన్ చందాల పేజీ లేస్తుంది. మంచి పనే. ఆ డబ్బు అమ్మ ఖాతాలో పడితే ఎలా చూస్తారో ఆ పేజీ పెట్టినవారికి తెలియాలి. మరణం కారణంగా వచ్చిన డబ్బు, అంటే ఇన్సూరెన్సు, స్నేహితుల సాయం, వారసత్వం, సోషల్ సెక్యూరిటీ ఇచ్చే 255 డాలర్ల ఏకమొత్తం, అన్నీ వచ్చిన నెలలో రాబడి కింద లెక్క. అందులోంచి ఆఖరి జబ్బుకు, అంత్యక్రియలకు అమ్మ ఖర్చుపెట్టినంత తీసేస్తారు. 9,000 వచ్చి 8,600 ఫ్యూనరల్ హోమ్‌కీ ఆస్పత్రికీ పోతే రాబడి 400 మాత్రమే. రసీదులు లేకపోతే 9,000. మంత్రం చెప్పిన పురోహితుడికి, భోజనాలు పెట్టిన కేటరింగుకు నోటు చేతిలో పెట్టి ఊరుకోకండి. ఒక కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. చందా పెట్టేవారు తెలివైన పని చేయాలనుకుంటే డబ్బు ఫ్యూనరల్ హోమ్‌కే నేరుగా కట్టించాలి. అమ్మ చేతికి రాని డబ్బు ఆవిడ నగదు రాబడి కాదు.

ఆ 255 కోసం రెండేళ్లలోపు అడగాలి. చాలామంది మర్చిపోతారు.

వితంతు బెనిఫిట్‌కు దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టడం కుదరదు, ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. అమ్మకు అప్పటికే భార్యగా బెనిఫిట్ వస్తుంటే మరణం నమోదు కాగానే చాలావరకు దానంతటదే మారుతుంది. రాకపోతే అడగాలి. "ఎస్‌ఎస్‌ఐ చాలులెండి, ఇది అడిగితే అది పోతుంది" అని వదిలేయడానికి వీల్లేదు. వేరే ఏ బెనిఫిట్‌కు అర్హత ఉన్నా దానికి దరఖాస్తు పెట్టడం ఎస్‌ఎస్‌ఐ షరతు. నోటీసు వచ్చాక 30 రోజుల్లో పెట్టకపోతే ఎస్‌ఎస్‌ఐ ఆపేస్తారు.

ఇక్కడే మనవాళ్లకు పెళ్లి సర్టిఫికెట్ తంటా వస్తుంది. 1970ల్లో ఊళ్లో పందిరి కింద జరిగిన పెళ్లికి రిజిస్ట్రేషన్ ఎక్కడుంటుంది? శుభలేఖ, ఫొటోలు, ఒకరి పాస్‌పోర్టులో ఇంకొకరి పేరు, పిల్లల జనన పత్రాలు, పెళ్లి చూసిన బంధువుల వాంగ్మూలాలు ఇలాంటివి కలిపి ఇవ్వాలి. గ్రీన్ కార్డు ఫైలులో అప్పట్లో ఇచ్చిన అఫిడవిట్లు ఉంటే వాటి నకళ్లు బాగా పనికొస్తాయి. అమ్మ పేరు ఒక కాగితంలో పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో మెట్టినింటి ఇంటిపేరుతో, మూడోదాంట్లో ఇంటిపేరు చివర వచ్చేలా ఉంటుంది. ఆ తేడాలు ముందే ఒక కాగితం మీద వివరించి ఇస్తే ఒక తిరుగుడు తప్పుతుంది. డెత్ సర్టిఫికెట్ సర్టిఫైడ్ కాపీలు ఒకటి రెండు కాదు, ఎక్కువే తీసుకోండి. ఊళ్లో ఆస్తి పనులకూ అవి కావాలి.

నాన్న ఇండియాలో ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైతే ఫ్యామిలీ పెన్షన్ కూడా 'వేరే బెనిఫిట్' కిందికే వస్తుంది. దాని మామూలు రేటు చివరి జీతంలో 30 శాతం. రూపాయల్లో ఇండియా బ్యాంకులో పడుతోంది కదా, ఇక్కడివారికేం తెలుస్తుంది అనుకోవడం తప్పు. నెలకు 18,000 రూపాయలంటే సుమారు 200 డాలర్లు. ఎస్‌ఎస్‌ఐలో కోత దాదాపు అంతే. ఆ ఇండియా ఖాతాలో నెలనెలా పేరుకునేది 2,000 పరిమితిలోకి వస్తుంది. అసలు ప్రమాదం కోత కాదు, ఆ పేరుకున్న నిల్వ.

ఊళ్లో పొలం

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ. నాన్న వీలునామా రాయకుండా పోతే, హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం ఆయన సొంత ఆస్తిలో భార్యకూ పిల్లలకూ, తల్లి బతికుంటే ఆవిడకూ సమాన వాటాలు. మన ఇళ్లలో ఏం జరుగుతుందో తెలిసిందే. పన్నెండో రోజు అయ్యాక అమ్మ "నాకెందుకురా" అని హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టేస్తుంది. ఎస్‌ఎస్‌ఐ చట్టంలో దీన్ని సరైన ధర తీసుకోకుండా ఆస్తి ఇచ్చేయడం అంటారు. ఇచ్చేసిన విలువను నెలవారీ ఎస్‌ఎస్‌ఐ మొత్తంతో భాగిస్తే వచ్చినన్ని నెలలు ఎస్‌ఎస్‌ఐ ఉండదు, గరిష్ఠంగా 36 నెలలు. వాటా విలువ 28,000 డాలర్లయితే, 994తో భాగిస్తే 28 నెలలు. మెడికెయిడ్ మీద నర్సింగ్ హోమ్ అవసరమైతే అక్కడ ఇలా ఇచ్చేసిన ఆస్తుల కోసం వెనక్కి చూసే కాలం 60 నెలలు.

సంతకం పెట్టకుండా ఉంచుకుంటే? అమ్మ ఉండని ఇల్లు, పొలం ఆస్తే కాబట్టి 2,000 దాటుతుంది. దానికి దారులున్నాయి. అది ఉమ్మడి ఇల్లయి, సహ వారసుడు అందులోనే కాపురముంటూ, అమ్మితే అతనికి వేరే నీడ లేకపోతే దాన్ని లెక్కలోంచి తీస్తారు. అమ్మకానికి పెట్టి నిజంగా ప్రయత్నిస్తుంటే తొమ్మిది నెలలదాకా షరతు మీద ఎస్‌ఎస్‌ఐ ఇస్తారు. అమ్ముడయ్యాక అందులోంచి ఆ డబ్బు తిరిగి కట్టాలి. అమ్మినా సరైన ధరకు అమ్మి, ఆ డబ్బు అమ్మ అవసరాలకే ఖర్చుపెట్టడంలో తప్పులేదు. పిల్లలకు పంచితే మళ్లీ మొదటికే. ఇప్పటికే సంతకం అయిపోతే ఆస్తిని తిరిగి అమ్మ పేర మార్పిస్తే శిక్షాకాలం ఆగుతుంది.

దీనికి తేలికైన పరిష్కారం నాన్న బతికున్నప్పుడే ఉంది. సొంత సంపాదన మీద హిందువు తనకిష్టమైనవారికి వీలునామా రాయవచ్చు. నాన్నే పొలాన్ని నేరుగా పిల్లలకు రాసి ఉంటే అమ్మ ఇచ్చేసేదంటూ ఏమీ లేదు. అయితే ఆ పొలం నాన్న బతికున్నన్నాళ్లూ దంపతుల ఆస్తి లెక్కలో ఉండాల్సిందే. దరఖాస్తులో "విదేశాల్లో ఆస్తి ఉందా" అన్నచోట లేదని రాసి ఉంటే, మరణం తర్వాత వచ్చే కాగితాలతో ఆ పాత జవాబు కూడా బయటికొస్తుంది. అలాంటి పరిస్థితిలో ఆఫీసుకు వెళ్లేముందు లీగల్ ఎయిడ్ లాయరును కలవండి. ఈ విషయాలు వాళ్లు డబ్బు తీసుకోకుండా చూస్తారు.

ఇండియా టికెట్టు

అస్థికలు గోదావరిలో కలపాలి, వీలైతే కాశీ, ఆపై మాసికాలు, సంవత్సరీకం. అమెరికా బయట వరుసగా 30 రోజులు ఉంటే ఎస్‌ఎస్‌ఐ ఆగుతుంది. తిరిగొచ్చాక వరుసగా 30 రోజులు ఇక్కడుంటేనే మళ్లీ మొదలు. అక్టోబరు 20న వెళ్లి జనవరి 5న వచ్చిన అమ్మకు నవంబరు, డిసెంబరు, జనవరి మూడు నెలలూ పోతాయి. ఫిబ్రవరిది కూడా మొదటి కొద్ది రోజులు దాటాక మిగిలిన రోజులకే. 994 లెక్కన మూడు నెలలకే 2,982 డాలర్లు. చాలా రాష్ట్రాల్లో ఎస్‌ఎస్‌ఐతో పాటు నడిచే మెడికెయిడ్‌కూ అదే గతి. 12 నెలలు వరుసగా ఆగి ఉంటే కేసు మూసేస్తారు, దరఖాస్తు కొత్తగా పెట్టాలి. అమ్మ ఏడాది పొడుగునా అక్కడే ఉండి సంవత్సరీకం చేయించి రావాలనుకుంటే ఈ లెక్క తెలిసే వెళ్లాలి. అలా కాదంటే టికెట్టు 28 రోజుల లోపు పెట్టుకుని, రెండు విడతలుగా వెళ్లడం మేలు. విమానం ఒకరోజు రద్దయినా తట్టుకునేలా ఉండాలి. వితంతు బెనిఫిట్‌కు ఈ 30 రోజుల గొడవ లేదు, సిటిజన్ అయితే ఇండియాలో ఉన్నా అది వస్తుంది.

కొడుకు ఇంటికి మారితే

ఒంటరిగా వదలం కదా. అపార్ట్‌మెంటు ఖాళీ చేయించి తీసుకొచ్చేస్తాం. పరాయి ఇంట్లో ఉంటూ, గూడూ అన్ని పూటలా తిండీ ఆ ఇంటివారే ఉచితంగా ఇస్తే ఎస్‌ఎస్‌ఐలో మూడో వంతు కోస్తారు. 994లో 331 డాలర్ల 33 సెంట్లు. ఇక్కడ కొడుకు ఇల్లు కూడా పరాయి ఇల్లే. దీనికి మందు అద్దె. 2024 సెప్టెంబరు 30 నుంచి దేశమంతటా ఒకే నిబంధన ఉంది. ఆ మూడో వంతుకు 20 కలిపితే 351 డాలర్ల 33 సెంట్లు వస్తుంది. అంతకు తగ్గకుండా అద్దె ఒప్పందం ఉంటే, అది బజారు అద్దె కన్నా తక్కువైనా, కోత లేదు. అద్దె బదులు ఇంటి ఖర్చులో తన వాటా కట్టి కోత తప్పించుకోవాలంటే, ఐదుగురున్న ఇంట్లో నెలకు 3,000 ఖర్చయితే అమ్మ తల వాటా 600 అవుతుంది. అద్దె ఒప్పందమైతే 352తో సరిపోతుంది. ఒక పేజీ ఒప్పందం రాసి, మొదటి నెల నుంచే అమ్మ ఖాతా నుంచి చెక్కు ఇప్పించండి. అమ్మ దగ్గర అద్దె ఏమిటని సిగ్గుపడేవారుంటారు. ఆ సిగ్గు ఖరీదు ఏడాదికి దాదాపు 4,000 డాలర్లు. ఆ అద్దెను కొడుకు తన టాక్సులో ఎలా చూపాలో తన అకౌంటెంటును అడగాలి.

మెడికెయిడ్, ఫుడ్ స్టాంపులు

వితంతు బెనిఫిట్ 1,014 దాటి ఎస్‌ఎస్‌ఐ పోయినంత మాత్రాన మెడికెయిడ్ ఆ రోజే తీసేయడానికి వీల్లేదు. వేరే ఏ వర్గం కిందైనా అర్హత ఉందేమో రాష్ట్రం ముందు చూడాలి. ఆ సమాచారం కోసం వచ్చే కవరు పాత అపార్ట్‌మెంటు చిరునామాకు పోయి, జవాబు రాలేదని కేసు మూసేయడమే మామూలుగా జరిగేది. చిరునామాను సోషల్ సెక్యూరిటీలో, రాష్ట్ర మెడికెయిడ్ ఆఫీసులో విడివిడిగా మార్చాలి. ఇల్లినాయ్, వర్జీనియా లాంటి చోట్ల మెడికెయిడ్ నియమాలు ఎస్‌ఎస్‌ఐకి అచ్చంగా సరిపోవు, అక్కడ ఇంకా జాగ్రత్త. పూర్తి మెడికెయిడ్ పోయినా, మెడికేర్ (65 దాటినవారి ఫెడరల్ వైద్య బీమా) ప్రీమియం రాష్ట్రమే కట్టే పథకానికి విడిగా దరఖాస్తు పెట్టండి. దాని ఆస్తి పరిమితి 2,000 కాదు, 2025లో ఒంటరికి 9,660. నాన్న మీద మెడికెయిడ్ పెట్టిన ఖర్చును ఆస్తి నుంచి రాబట్టుకునే హక్కు రాష్ట్రానికి ఉంది కానీ, అమ్మ బతికుండగా ఆ వసూలు చేయరు.

ఫుడ్ స్టాంపులు ఇద్దరి ఇంటికి గరిష్ఠంగా 546 ఉండేది ఒక్కరికి 298 అవుతుంది. 2025 అక్టోబరు నుంచి ఉన్న అంకెలివి. వైద్యానికి నెలకు 35 దాటి పెట్టిన ఖర్చు, అద్దె భారం చూపిస్తే పెద్దవారికి కొంత పెరుగుతుంది. కొడుకు ఇంట్లో కలిసి వండుకుతింటే మాత్రం ఆ ఇంటి రాబడి అంతా లెక్కలోకి వచ్చి ఇవి సాధారణంగా పోతాయి.

ఎక్కడో ఒకచోట పొరపాటు జరిగి, ఎక్కువ చెల్లించామనో ఆపేస్తున్నామనో ఉత్తరం వస్తే దాని మీద తేదీ చూడండి. అప్పీలుకు 60 రోజులు. కానీ ఉత్తరం అందిన 10 రోజుల్లోపు అప్పీలు పెడితేనే తీర్పు వచ్చేదాకా పాత మొత్తం వస్తుంటుంది. ఉత్తరం తేదీ తర్వాత ఐదు రోజులకు అందినట్టు వాళ్లే లెక్కేస్తారు, కవరు మీద పోస్టు ముద్ర అంతకన్నా ఆలస్యంగా ఉంటే కవరు పారేయకండి. పదకొండో రోజున తెరిచే ఉత్తరాలు మన ఇళ్లలో చాలా ఉంటాయి, అమ్మకు ఇంగ్లీషు చదవడం రాక, కొడుకు శనివారం దాకా చూడక. నెలకో కవరు బుట్టలో వేయడం కాకుండా, సోషల్ సెక్యూరిటీ నుంచి వచ్చింది ఆ పూటే ఫొటో తీసి పంపమని అమ్మకు చెప్పండి. తెలుగులో మాట్లాడే దుబాసీ కావాలని ఫోన్లో అడిగితే వాళ్లు ఉచితంగానే పెట్టాలి.